చాచీకి వినబడే చప్పుడు

మా ఎదుటి పోర్షన్ చాచా చనిపోయి రెండు నెలలు దాటింది. ఒక బుధవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా పోయిండు" అంది. ఎన్ని గంటలకు అని అడిగాను. విలేకరి వృత్తిలో పడిన అలవాటు, ముందు నోట్లోంచి వచ్చే ప్రశ్న అదే. ఆమె చెప్పింది. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. "అమ్మీకి ఇంక చెప్పలేదు అక్కా. ఫోన్ల చెప్తే ఆమెకు వినబడదు. నువ్వు ఎదురుంగనే ఉన్నవ్ గదా" అని ఆగిపోయింది.

చావు కబురు మెల్లగా చెప్పాలంటారు. చాచీకి మెల్లగా చెబితే వినబడదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి ఆమె చెక్క తఖత్ మీద కూర్చుని ఉతికిన దిండు గలీబులు మడతపెడుతోంది. ఆసుపత్రికి పంపడానికి. పక్కన కూర్చుని చెప్పాను. "ఏంది బేటీ?" అంది. మళ్లీ చెప్పాను. నా నోటి వంక చూసింది. మూడోసారి గట్టిగా, మెట్ల మీదికి కూడా వినబడేంత గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది, చాచా ఇక లేరని. "హౌ" అంది. అంటే అవునని. చేతిలో ఉన్న గలీబు మడత పూర్తిచేసి మిగతావాటి మీద పెట్టింది.

చాచా గురించి పత్రికలో వార్త ఏమీ రాలేదు. రావలసిన పని కూడా లేదు. రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో, రైలు పోతే కిటికీ ఊచలు సన్నగా అదిరే గల్లీలో, పై అంతస్తులో ఆయనది ఎడమవైపు వాటా, నాది కుడివైపుది. మధ్యలో మెట్లు. ఆయన చివరి రెండేళ్లలో ఎక్కువ కాలం ఒకే ఒక్క పని మీద ఉన్నారు. ఇంట్లో పొగ లేస్తే అరిచే డబ్బా ఒకటి తయారుచేయడం. నేను ఆ పనిని దగ్గరగా చూశాను. ఈ నాలుగు మాటలు దాని గురించే.

ఆయనకు ఉర్దూ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. తెలుగు అక్షరాలు స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్నానని చెప్పేవారు. అందుకే పత్రికను కూడా స్టేషన్ పేరు చదివినట్టే, ఒక్కో మాట దగ్గర ఆగి చదివేవారు. నేను చాలాకాలం నగరంలో ప్రమాదాల వార్తలు రాశాను. పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, ఎదురుగా స్టూలు మీద పేపర్ పట్టుకుని సిద్ధంగా ఉండేవారు.

"బేటీ, ఇది నువ్వు రాసిందేనా? షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు చెలరేగినట్టు ప్రాథమిక సమాచారం."

"అవును చాచా, నేనే రాసిన."

"ఈ ప్రాథమిక సమాచారం అనేటాయన ఎవరు? మస్తు చోట్ల తిరుగుతడు. ఏడ కాలినా ఆయనే ఉంటడు."

నవ్వి తలుపు వేసుకునేదాన్ని. ఒకరోజు అలాంటి వార్తే చదివి ఆయన నవ్వలేదు. పాత ఇల్లు. కింద పరుపుల దుకాణం, పైన కాపురం. ఇంట్లోవాళ్లందరూ బయటపడ్డారు. "వాళ్లకెట్ల తెలిసింది?" అని అడిగారు. పొగ వాసనకు లేచారని చెప్పాను. ఆయన తల తిప్పి తమ వంటింటివైపు చూశారు. లోపల చాచీ ఏదో వేయిస్తోంది.

చాచీకి వాసన తెలియదు. కొన్నేళ్ల కింద వచ్చిన విషజ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. చెవులు అంతకుముందే మందగించాయి. చెవి మిషన్ కొనిచ్చారు. పెట్టుకుంటే కుక్కర్ సీటీ మెదడులో మోగినట్టుందని తీసి అల్మారాలో పెట్టేసింది. మోకాళ్ల నొప్పులు వేరే. చాచాకు ఊపిరితిత్తుల జబ్బు. ఎంతకాలం అని డాక్టర్ ఎప్పుడూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. లెక్క మాత్రం ఆయనకు తెలుసు. తాను ముందు పోతారు. ఆమె ఈ ఇంట్లో పొయ్యితో ఒక్కతే ఉంటుంది.

మొదట ఆయన చేసింది అందరూ చేసే పనే. బజారు నుంచి పొగ అలారం ఒకటి కొని తెచ్చి హాలు కప్పుకు బిగించారు. నన్ను పిలిచారు. కుర్చీ ఎక్కి దాని కింద అగరుబత్తి పట్టుకోమన్నారు. తాను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. అలారం కీచుమంది. నా చెవులు గింగుర్లెత్తాయి. కింద అంతస్తు నుంచి ఎవరో "క్యా హువా?" అని అరిచారు. చాచీ సరిగ్గా దాని కింద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. ఒలుస్తూనే ఉంది.

చాచా ఆమె ముందుకు వెళ్లి చేత్తో పైకి చూపించారు. ఆమె కప్పు వంక చూసింది. "ఏంది? బల్లి ఉన్నదా?" అంది.

సన్నటి కీచు చప్పుళ్లు ముసలి చెవులకు ముందుగా మాయమవుతాయట. ఆ సంగతి నాకు ఒక చెవి డాక్టర్ చెప్పారు, నేను వచ్చి చాచాకు చెప్పాను. చాచీకి లారీ చప్పుడు తెలుస్తుంది. రైలు కూత తెలుస్తుంది. ఈలలాంటిది తెలియదు. "అయితే ఇది చెవులు మంచిగున్నోళ్లకు చేసిన డబ్బా" అని చాచా దాన్ని విప్పేశారు. అలా మొదలైంది.

కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది. వీధంతా వైర్లు, సర్క్యూట్ బోర్డులు, చిన్న చిన్న మోటార్లు అమ్మే దుకాణాలు. ఆయనకు అంతదూరం నడిచే ఊపిరి లేదు. ఆటో వీధి మొదట్లో ఆగుతుంది, అక్కడి నుంచి దుకాణానికీ దుకాణానికీ మధ్య ఆగుతూ నడవాలి. నా సెలవు రోజున తోడు వెళ్లేదాన్ని. ఆయన బజర్లను చెవి దగ్గర పెట్టి మోగించి, "సన్నం" అని పక్కన పెట్టేసేవారు. "ఇంకొంచెం లావు గొంతుది ఉన్నదా భాయ్?" అని అడిగితే దుకాణదారు, "చాచా, బజర్ గావాల్నా, ఖవ్వాలీ పాడేటాయన గావాల్నా?" అన్నాడు. చాచాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆ దుకాణదారు ఒక చేత్తో ఆయన వీపు రాస్తూ, ఇంకో చేత్తో వేరే గిరాకీకి బల్బులు చూపించాడు.

చప్పుడు ఎంపిక ఇంట్లోనే జరిగింది. చాచీ గోడవైపు తిరిగి కూర్చోవాలి. చాచా ఒక్కొక్కటి మోగిస్తారు. వినబడితే చెయ్యెత్తాలి.

"ఇప్పుడు?"

"ఏంది ఇప్పుడు?"

"మోగింది గదా."

"ఏం మోగింది? నువ్వు దగ్గింది వినబడ్డది."

కాలింగ్ బెల్లు, సైకిల్ గంట, ఆటో హారన్ అన్నీ అయ్యాయి. కొన్నిటికి అనుమానంగా సగం చెయ్యెత్తింది. చివరికి మెకానిక్ దగ్గర్నుంచి తెచ్చిన పాత స్కూటర్ హారన్. దాన్ని బ్యాటరీకి ఆనించగానే గది మొత్తం బుర్రుమంది. చాచీ ఎగిరిపడి, "యా అల్లా! ఇంట్లకు బండి తెచ్చినవా ముసలోడా!" అని తిరిగింది. ఆ రోజు చాచా ముఖంలో చూసిన సంతోషం మళ్లీ చూడలేదు.

కానీ హారన్ దొరకడంతో పని సులువు కాలేదు. చిన్న బజర్ అయితే చిన్న సెల్లుతో నడుస్తుంది. హారన్‌కు కరెంటు ఎక్కువ కావాలి, అంటే యూపీఎస్‌లో వాడేలాంటి బరువైన బ్యాటరీ కావాలి. బ్యాటరీకి చార్జర్ కావాలి. సెన్సర్ ఇచ్చే సన్నటి కరెంటు హారన్‌ను మోగించలేదు, మధ్యలో రిలే ఉండాలి. రిలే అంటే చిన్న కరెంటు వచ్చినప్పుడు పెద్ద కరెంటు దారిని తెరిచే స్విచ్చు. దానితో మాత్రం ఆయనకు జీవితకాలపు పరిచయం. కిటికీ దగ్గర బల్ల మీద రిలేను పెట్టి, అది టక్కున పట్టుకోవడం, వదలడం వింటూ కూర్చునేవారు.

నాకు వింతగా అనిపించిన సంగతి వేరే ఉంది. పొగను కనిపెట్టే పని అప్పటిదాకా ఆ ఇంట్లో చేస్తున్నది ఆయనే. పోపు కొంచెం మాడినా, పక్కింట్లో ఎవరైనా బీడీ వెలిగించినా ఆయన దగ్గు మొదలయ్యేది. చాచీకి ఆ దగ్గు వినబడేది. లావుగా, లోపలి నుంచి వచ్చే దగ్గు. వినగానే పొయ్యి దగ్గరికి వెళ్లేది.

"ఇంట్ల మనిషే ఉన్నడు గదా, పొగ జూస్తే దగ్గెటోడు" అంది చాచీ నాతో ఒకసారి, ఆయన ముందే. "మల్ల ఈ డబ్బా ఎందుకు?"

"ఆ మిషన్ గ్యారంటీ అయిపోయింది" అన్నారు చాచా, టంకం పెడుతూ తల ఎత్తకుండా.

ఆమెకు వినబడిందో లేదో నాకు తెలియదు. నాకు వినబడింది.

సెన్సర్ విషయంలో ఆయన చాలా రోజులు తేల్చుకోలేకపోయారు. గ్యాస్ వాసన పట్టే రకం ఒకటి ఉంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అది ఎప్పుడూ వేడెక్కి ఉండాలి, బ్యాటరీని తాగేస్తుంది. పైగా సెంటు కొట్టుకుని ఎవరొచ్చినా అరుస్తుంది. వేడిని కనిపెట్టే రకం ఇంకొకటి. వంటింట్లో అదే మేలు కదా అన్నాను. "వేడి తెలిసేసరికి పరదాలు అంటుకుంటయ్ బేటీ. మీ చాచీ మెట్లు ఎట్ల దిగుతదో చూసినవ్ గదా. ఆమెకు ముందుగాల తెల్వాలె" అన్నారు. ఇక మిగిలింది వెలుతురుతో పనిచేసే రకం. అందులో రెండు పద్ధతులు. ఆయన పొరపాటు అక్కడే జరిగింది. అది రైల్వేలో సిగ్నళ్లు చూసిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు.

మొదటి పద్ధతిలో ఒక గొట్టానికి ఈ చివర చిన్న దీపం, ఆ చివర వెలుతురును పసిగట్టే సెన్సర్ ఎదురెదురుగా ఉంటాయి. పొగ నిండితే వెలుతురు తగ్గుతుంది, హారన్ మోగుతుంది. రెండో పద్ధతిలో సెన్సర్ తనకు దీపం నేరుగా కనబడకుండా, ఒక పక్కకు, చీకట్లో ఉంటుంది. పొగ రేణువులు వచ్చినప్పుడు వాటి మీద పడి చెదిరిన వెలుతురు సెన్సర్‌కు తగులుతుంది. రెండోదానికి చూపు పదును, కొద్దిపాటి పొగను కూడా పట్టేస్తుంది. చాచా మొదటిదాన్ని ఎంచుకున్నారు.

"రైల్వేల ఒకటే రూలు. తీగ తెగనీ, బ్యాటరీ దిగనీ, ఎలుక కొరకనీ, ఏది ఖరాబైనా సిగ్నల్ ఎర్రగ కావాలె. ఖరాబైన సిగ్నల్ పచ్చగ ఉంటే మనుషులు చస్తరు" అన్నారు. ఎదురెదురు పద్ధతిలో దీపం మాడిపోతే వెలుతురు ఆగుతుంది, హారన్ మోగుతుంది. డబ్బా చెడిపోయిన సంగతి డబ్బానే చెబుతుంది. రెండో పద్ధతిలో దీపం మాడిపోతే ఏమీ జరగదు. చీకటి చీకటిగానే ఉంటుంది, ఎవరికీ తెలియదు. చప్పుడు లేకుండా చచ్చిపోయే యంత్రాన్ని భార్య నెత్తి మీద పెట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు.

పీవీసీ గొట్టానికి రంధ్రాలు చేసి, లోపల బడి బోర్డులకు వేసే నల్ల రంగు పూసి, వంటింటి గుమ్మం పైన బిగించారు. కొన్ని వారాలు బాగానే ఉంది. ఒక మధ్యాహ్నం మాత్రం ఏ పొగా లేకుండానే హారన్ బుర్రుమంది. విప్పి చూస్తే గొట్టంలో సాలెపురుగు గూడు కట్టింది. వెలుతురును అది అడ్డుకుంది. "నీ రైలును ఆపింది ఇదా?" అని చాచీ చీపురుతో దాన్ని ఎత్తి ఆయనకు చూపించింది. చాచాకు మాత్రం అది తృప్తినే ఇచ్చింది. "ఆపింది గదా, అదే గావాలె" అన్నారు.

తర్వాత కొద్ది రోజులకే నా సెలవు రోజున కూరగాయలు పట్టుకుని మెట్లెక్కుతుంటే మాడు వాసన వచ్చింది. వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి వెళ్లాను. చాచీ ముందు గదిలో నమాజులో ఉంది. లోపలి గది తలుపు మూసి ఉంది, నెబ్యులైజర్ మోత వినిపిస్తోంది. చాచా మాస్క్ పెట్టుకుని మందు పీలుస్తున్నారు. మాస్క్ ఉన్నంతసేపూ ఆయనకు వాసన తెలియదు, దగ్గు రాదు. వంటింట్లో దాల్చా పప్పు ఉడుకుతున్న దేగ్చా గిన్నె అడుగు నల్లబడి, పక్కనున్న మసిగుడ్డ అంచు ఎర్రగా రగులుతోంది. పొగ కప్పు నుంచి నా భుజాల దాకా దిగి ఉంది. నేను గ్యాస్ కట్టేసి, గుడ్డను సింకులో పడేసి, కిటికీ తెరిచాను. హారన్ మోగలేదు.

చాచా మాస్క్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు. దగ్గుతూనే గుమ్మం కింద నిలబడి గొట్టం వంక చూశారు. "దీపం ఎలుగుతనే ఉన్నది" అన్నారు. తర్వాత స్టూలు లాక్కుని ఎక్కారు. నేను వద్దంటున్నా వినలేదు. అట్టముక్క ఒకటి గొట్టంలోకి దూర్చి వెలుతురుకు అడ్డం పెట్టారు. హారన్ వెంటనే బుర్రుమంది. అట్ట తీశారు, ఆగింది. మళ్లీ పెట్టారు, మోగింది. "పనిజేస్తున్నది" అన్నారు. అప్పటికి నమాజు ముగించిన చాచీ గుమ్మంలో నిలబడి ఆయననూ, నల్లబడిన దేగ్చానూ మార్చి మార్చి చూస్తోంది. ఆయన ఇంకో రెండుసార్లు అట్ట పెట్టి తీశారు. యంత్రం తన రూలు ప్రకారం నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంది. ఆ మూరెడు గొట్టంలో వెలుతురు ఆగిపోవాలంటే ఇంకా చాలా పొగ కావాలి. అంత పొగ నిండేసరికి చాచీ ఉండదు. నేను ఆయన భుజం కింద చెయ్యి వేసి దింపాను. ఇంతకంటే ఉపయోగపడే పని నాకు ఏదీ తోచలేదు.

రెండో పద్ధతికి మారారు. గొట్టం మలుపులకు వాడే పీవీసీ ఎల్బోలు తెచ్చి, పొగ వెళ్లగలిగి వెలుతురు వెళ్లలేనట్టు మెలికలుగా అతికించారు. లోపలి దీపం మాడిపోతే తెలియదన్న బాధకు ఒక మందు కనిపెట్టారు. లోపలి దీపమూ, బయట ఒక చిన్న పచ్చ దీపమూ ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటి. లోపలిది ఆరితే బయటిదీ ఆరుతుంది. పచ్చగా ఉన్నంతకాలం కన్ను తెరిచి ఉన్నట్టు. చాచీ రోజూ పొద్దున ఆ పచ్చను చూడాలి. మనిషి కన్ను మీద ఆధారపడే ఏర్పాటు ఆయనకు నచ్చలేదు. "మా ఇన్‌స్పెక్టర్ చూస్తే సస్పెండ్ చేస్తుండె" అన్నారు. కానీ వేరే దారి లేదు.

కొత్త డబ్బా చూపు మరీ పదును. గురువారం సాయంత్రం మొదటిసారి దాని సంగతి తెలిసింది. జుమ్మేరాత్ నాడు పొద్దుగూకే మగ్రిబ్ వేళకు చాచీ నిప్పుల మీద లోబాన్, అంటే సాంబ్రాణి, వేసి ఇల్లంతా తిప్పుతుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఉన్న అలవాటు. ఇప్పుడు ఆ వాసన ఆమెకు తెలియదు, అయినా మానలేదు. ఆ పొగ చాచాకు పడదు. అందుకని ప్రతి గురువారం ఆ వేళకు ఆయన బయటికి వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. మానుకోమని ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ రోజు లోపల హారన్ మోగడం మొదలైంది. ఆపడానికి ఆయన పొగలోకి వెళ్లలేరు. నేను వెళ్లి బ్యాటరీ తీగ పీకి వచ్చాను.

"ఆపే బటన్ ఒకటి పెట్టండి చాచా. లోబాన్ వేసేటప్పుడు బంద్ చేసుకుంటది" అన్నాను.

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు. "బంద్ చేసే బటన్ పెడితే, మల్ల చాలూ చేసేటందుకు మనిషి గావాలె" అన్నారు. "ఆ మనిషి ఉండడు బేటీ."

మెట్ల మీద లైటు లేదు. కింద గల్లీలో ఎవరో కొలిమి దుకాణం షట్టర్ దించుతున్నారు. నేను సర్దిచెప్పే మాటలు చాలా ఇళ్లలో విన్నదాన్ని. ఏవి చెప్పినా ఏమీ మారదని కూడా చాలా ఇళ్లలో చూసినదాన్ని.

దాని కోసం మళ్లీ గుజరాతీ గల్లీ. ఈసారి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన చెప్పిన టైమర్ చిప్ తెచ్చాను. బటన్ నొక్కితే కాసేపు నోరు మూసుకుని, తర్వాత దానంతట అదే మేల్కొనే ఏర్పాటు. ఎంతసేపు అన్నది తేల్చడానికి ఆయన కొన్ని గురువారాలు మెట్ల మీదే కూర్చుని లోపలి పొగ ఎప్పుడు పలుచబడుతుందో గుమ్మం సందులోంచి చూశారు. చాచీకి బటన్ నొక్కడం నేర్పించింది కూడా మెట్ల మీది నుంచే, అరుస్తూ. "గట్టిగ ఒత్తు! ఇంక గట్టిగ!" లోపలి నుంచి ఆమె, "ఒత్తుతనే ఉన్న! నువ్వు అరవకు, దమ్ము పోతది!"

పని పూర్తయ్యాక ఆయన ఎక్కువకాలం ఇంట్లో లేరు. ఆసుపత్రికి నేను వెళ్లినప్పుడల్లా ఆక్సిజన్ మాస్క్ పక్కకు జరిపి ఒకటే అడిగేవారు. "పచ్చగున్నదా?" ఉందని చెప్పేదాన్ని. చూసి వచ్చే చెప్పేదాన్ని. చివరిసారి కూడా అదే అడిగారు. అదే చెప్పాను. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకే సమాచారమూ లేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆయనను ఇంటికి తెచ్చారు. హాల్లో పడుకోబెట్టి, చుట్టూ అగరుబత్తులు వెలిగించారు. ఆడవాళ్లు కూర్చుని ఖురాన్ చదువుతున్నారు. చదువు మధ్యలో హారన్ బుర్రుమంది. వచ్చినవాళ్లలో ఎవరికీ అదేమిటో తెలియదు. పిల్లలు ఏడ్చారు. ఒకావిడ లేచి, "తార్ నికాలో" అని, తీగ పీకడానికి గుమ్మం వైపు వెళ్లింది.

"నక్కో!" అంది చాచీ. పొద్దుటి నుంచి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది. "ఎవరు ముట్టొద్దు."

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, జనం మధ్య నుంచి దారి చేసుకుని వెళ్లి, బటన్ నొక్కి వచ్చి మళ్లీ ఆయన తల దగ్గర కూర్చుంది. అగరుబత్తులు కాలుతూనే ఉన్నాయి. ఆయన పెట్టిన గడువు తీరగానే హారన్ మళ్లీ మేల్కొంది. ఆమె మళ్లీ లేచింది. నేను నొక్కి వస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. జనాజా ఎత్తేదాకా అలాగే జరిగింది. ఆ మధ్యాహ్నం ఆ గదిలో అందరికంటే ముందు ఆ చప్పుడు విన్నది చాచీయే.

ఇంతవరకు రాసి ఆపితే చాచా పని నెరవేరినట్టే ఉంటుంది. నేను చూసింది చూసినట్టు రాయాలి కాబట్టి మిగతాది కూడా చెబుతాను.

భర్త పోయాక చాచీ ఇప్పుడు ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలకూడదు. నిజామాబాద్‌లో ఉండే కూతురు నలభయ్యో దినం దాకా ఉండి, పిల్లల పరీక్షలని వెళ్లింది. ఆచారం ప్రకారం మొదటి మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చుట్టుపక్కలవాళ్లు వండి పంపారు. తర్వాత కూతురు ఉన్నన్నాళ్లు కూతురు వండింది. ఆమె వెళ్లిన మర్నాటి నుంచి పొయ్యి మళ్లీ వెలగలేదు. పొద్దున గల్లీ మొదట్లోని హోటల్ నుంచి ఫ్లాస్కులో ఛాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మిగతా పూటలు కింది ఇంటివాళ్లో, నేనో, ఇంకొకరో పంపిందే. అది కూడా సగం అలాగే ఉంటుంది.

భయపడుతోందనుకున్నాను. దాల్చా మాడిన మధ్యాహ్నం గుర్తొస్తోందేమోననుకుని, మొన్న వెళ్లి పక్కన కూర్చుని గట్టిగా చెప్పాను. "చాచీ, ఫికర్ చేయకున్రి. డబ్బా మంచిగ పనిచేస్తున్నది. నేను అగరుబత్తి పెట్టి చూసిన. ఏమన్నా అయితే అరుస్తది, మీకు వినబడ్తది, నేను ఎదురుంగనే ఉన్న."

"ఎరుకే బేటీ" అంది. "భయం గాదు."

"మరేంది?"

"ఎవరికి వండాలె?"

నాకు వండిపెట్టమన్నాను. ఆఫీసు నుంచి ఆకలితో వస్తానన్నాను. సరే అన్నట్టు తల ఊపింది. మర్నాడు వెళితే పొయ్యి అలాగే ఉంది. డాక్టర్‌తో మాట్లాడాను, కూతురితో మాట్లాడాను. వాళ్ల దగ్గరా నా దగ్గర ఉన్న మాటలే ఉన్నాయి. పొగ ఎలా వస్తే ఏం చేయాలో చాచా అన్ని విధాలా ఆలోచించారు. పొగే రాని రోజు గురించి ఆలోచించలేదు. ఆలోచించినా దానికి గుజరాతీ గల్లీలో ఏం దొరుకుతుంది?

నిన్న సాయంత్రం నా టిఫిన్ డబ్బా కోసం వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. పచ్చ దీపం వెలుగుతోంది. ఇరుగుపొరుగు నుంచి వచ్చిన గిన్నెలు, డబ్బాలు అన్నీ తోమి, తుడిచి, గ్యాస్ పొయ్యి మీదా చుట్టూ వరసగా పెట్టింది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు, మనింట్లో వండింది కొంచెం వేసి పంపాలి. ఇక్కడ అందరి ఇళ్లలోనూ ఉన్న పద్ధతే. ఆమె దగ్గర వండింది లేదు కాబట్టి ఒక్కో గిన్నెలో ఒక్కో చెంచా చక్కెర వేసి పెట్టింది. కిటికీ సందు నుంచి చీమల బారు ఒకటి వచ్చి, స్టవ్ అంచు ఎక్కి, బర్నర్ మీదుగా తిన్నగా నడిచి గిన్నెల్లోకి పోతోంది. చాచీ నా పక్కనే నిలబడి దాన్ని చూస్తోంది. తుడవడానికి గుడ్డ అందుకోలేదు.